ఆఖరి మూడు హోళ్ల కోసం ఏ కోర్సుకు వెళ్లాలి? నాలుగు గోల్ఫ్ కోర్సుల పోలిక

ఏళ్ల తరబడి ఆదివారాలు పొద్దున్నే లేచి ఆడిన గోల్ఫ్‌కు బహుమానంగా ఒక్క పెద్ద ప్రయాణం చేద్దామనుకునే మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “ఒక్క కోర్సులో ఆడే వీలుంటే ఏది ఎంచుకోవాలి?” ర్యాంకుల జాబితాలు ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. వాటిలో పద్దెనిమిది హోళ్లకూ సమానంగా మార్కులు వేస్తారు. మన జ్ఞాపకం అలా పనిచేయదు. ఐదో హోల్‌లో ఎన్ని కొట్టామో నెల తిరగకుండానే మరిచిపోతాం. 16, 17, 18 మాత్రం పదేళ్ల తర్వాత కూడా చేతులూపుతూ, కాస్త ఉప్పూకారం చేర్చి చెబుతాం. అందుకే కోర్సును ఆఖరి మూడు హోళ్లతో తూచడం నాకు అలవాటైంది.

ఈ పోలికకు నాలుగు తీసుకున్నాను. అమెరికాలో ఫ్లోరిడాలోని టీపీసీ సాగ్రాస్, కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్, కార్నౌస్టీ. నాలుగింటిలోనూ డబ్బు కట్టి బయటివారు ఆడవచ్చు. మాస్టర్స్ టోర్నీ జరిగే ఆగస్టా కోర్సులో ఆ వీలు లేదు కాబట్టి దాని సంగతి చివర్లో రెండు మాటల్లో చెబుతాను.

## ముందుగా కొలబద్దలు

కష్టంగా ఉంటే గొప్ప ముగింపు అని చాలామంది అనుకుంటారు. క్రికెట్‌తో పోల్చి చూడండి. ఆఖరి ఓవర్లో ముప్పై పరుగులు కావాలంటే సగం మంది లేచి ఇంటిదారి పడతారు. ఎనిమిది కావాలంటే ఎవరూ కదలరు, ఎందుకంటే బౌలరుకూ భయమే, బ్యాటరుకూ ఆశే. గోల్ఫ్‌లోనూ అంతే. హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకుల లెక్క పార్. దానికి ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. ఒకే హోల్‌లో బర్డీకి దారి ఉండాలి, డబుల్ బోగీకీ దారి ఉండాలి. ముందున్నవాడు దాక్కోగలగకూడదు, వెనకున్నవాడు చేతులెత్తేయకూడదు. నా మొదటి కొలబద్ద ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

రెండోది, మూడు హోళ్లు మూడు వేర్వేరు ప్రశ్నలు అడగాలి. ఒకటి బలం అడిగితే, ఒకటి చేతి నేర్పు అడగాలి, ఇంకొకటి గుండె దిటవు అడగాలి. మూడూ “దూరంగా కొట్టు, తిన్నగా కొట్టు” అంటే అది పరీక్ష కాదు, డ్రిల్లు.

మూడోది మనలాంటివారికి సంబంధించింది. హ్యాండిక్యాప్ 18, 20 ఉన్నవారికి (అంటే రౌండ్‌కు పార్ కంటే దాదాపు అన్ని స్ట్రోకులు ఎక్కువ కొట్టేవారికి) నేల మీదుగా దొర్లించుకుంటూ వెళ్లే దారి ఉందా, లేక గాల్లో నీటిని దాటించడం తప్ప గతి లేదా? టీవీలో చూడటానికి గొప్పగా ఉన్న హోల్, మనం నిలబడినప్పుడు జేబులోని బంతులు లెక్కపెట్టుకునేలా చేస్తే ప్రయాణం ఖర్చు గుర్తుకొస్తుంది.

నాలుగోది పరిసరం. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బులో ఆడినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. గోల్కొండ కోట గోడలు చూస్తూ కొట్టిన సాధారణ షాట్ కూడా కాస్త పెద్దరికం తెచ్చుకుంటుంది. అయితే పరిసరానికి నేను మార్కులు ఆఖర్న వేస్తాను. అందమైన చోట ఉన్న చప్పిడి హోల్, చప్పిడి హోలే.

## టీపీసీ సాగ్రాస్: మూడు పందేలు

1980లో తెరిచిన ఈ కోర్సును పీట్ డై రూపొందించాడు. 17లోని ద్వీపం గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) మాత్రం ఆయన భార్య ఆలిస్ డై ఆలోచన. ఆ చుట్టుపక్కల మంచి ఇసుక దొరకడంతో తవ్వుతూ పోగా పెద్ద గొయ్యి మిగిలింది. దాన్ని నీటితో నింపి మధ్యలో గ్రీన్ పెడితే సరి అని ఆమె అన్నారట. ప్రపంచంలో ఎక్కువమంది ఫొటో తీసిన హోళ్లలో ఒకటి అలా గొయ్యిలోంచి పుట్టింది.

ముగింపు పార్-5, పార్-3, పార్-4 వరుసలో వస్తుంది. 16 పొడవు 523 గజాలు. రెండో షాట్‌తోనే గ్రీన్ చేరవచ్చు, కానీ కుడివైపు నీరు కాచుకుని ఉంటుంది. 17 పొడవు 137 గజాలే. 18 పొడవు 462 గజాలు, ఎడమవైపు మొత్తం చెరువే. ఒక్క దెబ్బకు రెండు స్ట్రోకులు చేతులు మారే హోళ్లు ఇలా వరుసగా మూడు ఉన్న చోట్లు అరుదు. 2015లో ఇక్కడ జరిగే ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో రికీ ఫౌలర్ చివరి నాలుగు హోళ్లను బర్డీ, ఈగిల్, బర్డీ, బర్డీగా ఆడి, ప్లేఆఫ్‌లో గెలిచాడు. ఆ ఒక్క ఆదివారమే 17ను మూడుసార్లు ఆడి మూడుసార్లూ బర్డీ చేశాడు. ఆ మరుసటి ఏడాదే రసెల్ నాక్స్ అదే 17లో 9 కొట్టాడు. పిచ్చింగ్ వెడ్జ్ (దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపే కర్ర) దూరంలో ఉన్న హోల్ అది.

2022 ప్లేయర్స్ చాంపియన్‌షిప్ మనవారికి గుర్తుండే ఉంటుంది. వాన వల్ల సోమవారానికి జరిగిన ఆఖరి రౌండ్‌లో కామెరాన్ స్మిత్ 17లో కొట్టిన బంతి జెండాకు కుడిపక్కన, నీటి అంచుకు కొద్ది అడుగుల్లో పడి నాలుగడుగుల బర్డీ పుట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) మిగిల్చింది. వెంటనే 18లో చెట్లలోంచి బయటికి కొట్టబోయి బంతిని చెరువులోకి పంపాడు. మంచి వెడ్జ్ షాట్‌తో బోగీకి సరిపెట్టుకుని, మన దేశపు అనిర్బన్ లాహిరిని ఒక్క స్ట్రోకు తేడాతో దాటాడు. రెండు హోళ్ల వ్యవధిలో విజయం ఖాయమైంది, చేజారబోయింది, మళ్లీ దక్కింది.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. 17ను విడిగా తీసి చూస్తే అందులో ఎంపిక తక్కువ. ముందు ఆపుకునే చోటు లేదు, పక్కకు తప్పుకునే చోటు లేదు. గ్రీన్‌లో ఏ భాగానికి గురిపెట్టాలన్నది ఒక్కటే మన చేతిలో ఉన్న నిర్ణయం. కొందరు దీన్ని సర్కస్ అంటారు. పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ 16లో తెగించినవాడు, తెగించనివాడు ఇద్దరూ అదే చిన్న షాట్ ముందు చేతులు చెమర్చి నిలబడతారే, ఆ వరుస వల్లే అది నిలుస్తుంది. ఆ హోల్‌ను ఏడో నంబరుగా పెడితే నిజంగా సర్కసే అయ్యేది.

మామూలు ఆటగాడికి 17లో డ్రాప్ జోన్ ఉంటుంది. బంతి మునిగితే అక్కడి నుంచి మూడో షాట్ కొట్టుకోవచ్చు. అసలు చిక్కు 18లో. నీటికి భయపడి కుడికి కొడితే చెట్లు, ధైర్యం చేసి ఎడమకు కొడితే చెరువు. ముందు టీల (మొదటి దెబ్బ కొట్టే చోట్ల) నుంచి ఆడితేనే అది ఆటలా ఉంటుంది.

## కార్నౌస్టీ: తిరిగి ఇవ్వని అప్పు

తూర్పు స్కాట్లాండ్ తీరంలో, డండీకి దగ్గర్లో ఉంది కార్నౌస్టీ. ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద టోర్నీ) జరిగినప్పుడు 16 దాదాపు 248 గజాల పార్-3. 1975లో ఇక్కడే ఓపెన్ గెలిచిన టామ్ వాట్సన్, ప్లేఆఫ్‌తో కలిపి ఐదు రౌండ్లలో ఒక్కసారి కూడా 16లో పార్ చేయలేదు. విజేత పరిస్థితే అది. 17, 18లలో బారీ బర్న్ అనే వాగు పాములా మెలికలు తిరుగుతుంది. 17 ఫెయిర్‌వేను (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారిని) చుట్టి దాన్ని ద్వీపంలా మార్చేస్తుంది, 18లో గ్రీన్ ముందు మరోసారి అడ్డం పడుతుంది. 18 పొడవు 499 గజాలు, ఎడమవైపు బంతి దాటకూడని హద్దు.

1999 కథ గోల్ఫ్ ఆడనివారికీ తెలుసు. మూడు స్ట్రోకుల ఆధిక్యంతో 18 టీ మీద నిలబడ్డ జాన్ వాన్ డ వెల్డ్, 6 కొట్టినా గెలిచేవాడు. రెండో షాట్ ప్రేక్షకుల గ్యాలరీ కమ్మికి తగిలి వెనక్కి ఎగిరి గడ్డిలో పడింది, మూడోది వాగులో. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆలోచిస్తున్న ఆ ఫ్రెంచి మనిషిని చూసి నవ్వాలో జాలిపడాలో ఎవరికీ తెలియలేదు. చివరికి 7. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. ఆఖరి రౌండ్ మొదలయ్యేసరికి లారీ పది స్ట్రోకులు వెనకబడి ఉన్నాడు.

ఈ కథ వల్ల కార్నౌస్టీ అంటే కూలిపోవడమే అన్న పేరొచ్చింది. అది సగమే నిజం. ఆ ప్లేఆఫ్‌లో లారీ 17, 18 రెండింటిలోనూ బర్డీ చేశాడు. 2018లో ఫ్రాన్సెస్కో మోలినారి చివరి రెండు రౌండ్లలో ఒక్క బోగీ లేకుండా ఆడి, 18లో బర్డీతో ముగించాడు. దారి ఉంది, కానీ అసాధారణమైన ఐరన్ షాట్ కొట్టినవాడికే ఉంది. 2007లో పాడ్రిగ్ హారింగ్టన్ 18లో రెండుసార్లు వాగులో వేసి కూడా గెలిచాడంటే, తర్వాత వచ్చిన సెర్గియో గార్సియా కూడా అక్కడ పార్ చేయలేకపోయాడు కాబట్టే. నా మొదటి కొలబద్ద మీద తాసు ఇక్కడ ఒకవైపే మొగ్గుతుంది.

అయినా సింగిల్ డిజిట్ హ్యాండిక్యాప్ ఉన్న మిత్రులు దీన్నే కోరుకుంటారు. నా ఆట ఎంత అని నిజం తెలుసుకోవాలంటే ఇంతకంటే ముక్కుసూటి చోటు లేదు. మిగతావారు 18ను పార్-5గా, ఎదురుగాలి ఉంటే పార్-6గా లెక్కేసుకుని, వాగు ముందు ఆగి ఆగి వెళ్తే సాయంత్రం భోజనం రుచిగా ఉంటుంది.

## సెయింట్ ఆండ్రూస్: భయం ముందు, ఆశ వెనుక

కాగితం మీద చూస్తే ఇది నా రెండో కొలబద్దకు నిలవదు. మూడూ పార్-4లే. కానీ మూడూ అడిగే ప్రశ్నలు చూడండి.

16లో ఫెయిర్‌వే మధ్యలో ప్రిన్సిపల్స్ నోస్ అనే బంకర్ల (ఇసుక గుంటల) గుంపు ఉంటుంది. ఎడమకు వెళ్తే క్షేమం, కానీ గ్రీన్‌కు కోణం చెడుతుంది. కుడికి వెళ్తే కోణం బాగుంటుంది, కానీ పాత రైలుమార్గం హద్దు పక్కనే. తలకు పని చెప్పాల్సిన హోల్. 17 పేరు రోడ్ హోల్, ఓపెన్‌లో 495 గజాలు. టీ నుంచి హోటల్ పక్కనున్న షెడ్డు ఆకారం మీదుగా, గుడ్డిగా కొట్టాలి. గ్రీన్‌కు ముందు ఎడమవైపు రోడ్ బంకర్, వెనక తారురోడ్డు, ఆ వెనక రాతిగోడ. 1978లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు షాట్లలో గ్రీన్ చేరి, పుట్ చేయబోయి బంతిని ఆ బంకర్లోకి దొర్లించి, 9తో బయటపడ్డాడు. 1984లో టామ్ వాట్సన్ రెండో షాట్ గోడదాకా పోయింది. అదే సమయంలో ముందు 18లో సెవీ బయెస్టెరోస్ బర్డీ పుట్ వేసి గాల్లో పిడికిలి ఊపాడు.

ఇంత భయపెట్టాక 18 వస్తుంది. 357 గజాలు. ఒక్క బంకర్ కూడా లేదు. మొదటి హోల్‌తో కలిసిన ఫెయిర్‌వే ఊరి మైదానమంత వెడల్పు. గ్రీన్ ముందు వ్యాలీ ఆఫ్ సిన్ అనే పల్లం ఒక్కటే అడ్డు. మొదటిసారి చూసినవారు ఇదా ఆఖరి హోల్ అని పెదవి విరుస్తారు. నా దృష్టిలో ప్రపంచంలోకెల్లా తెలివైన ఆఖరి హోల్ ఇదే. ఎందుకంటే ఇక్కడ పార్ చేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. వెనకున్నవాడికి 3 తప్పకుండా దొరుకుతుందనిపిస్తుంది, 2 కూడా దొరకవచ్చు. ముందున్నవాడు ఆ సంగతి తెలిసే టీ మీద నిలబడతాడు. అయినా 1970లో డగ్ శాండర్స్ మూడడుగులకు అటూ ఇటూగా ఉన్న పుట్ ఇక్కడే వదిలేసి, మర్నాడు ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్ చేతిలో ఓడిపోయాడు. 1995లో కోస్టాంటినో రోకా ఆ పల్లంలోంచే దాదాపు 65 అడుగుల పుట్ వేసి జాన్ డేలీతో సమం చేశాడు, తర్వాత ప్లేఆఫ్‌లో ఓడాడు.

మళ్లీ 2022, మళ్లీ అదే స్మిత్. మార్చిలో సాగ్రాస్‌లో నీటి అంచున బతికిన మనిషి జూలైలో ఇక్కడ ఓపెన్ ఆధిక్యంలో 17కి వచ్చాడు. బంతికీ జెండాకీ మధ్య రోడ్ బంకర్ ఉంది. వెడ్జ్ తీయలేదు. పుటర్ తీసి, బంకర్ పక్కనుంచి వాలు ఎక్కించి, మిగిలిన పదడుగుల పుట్ వేసి పార్ కాపాడుకున్నాడు. 18లో జతగా ఆడుతున్న కామెరాన్ యంగ్ ఈగిల్ చేసి సమానంగా నిలిచాడు. స్మిత్ బర్డీతో దాన్ని దాటాడు. వెనక జట్టులో ఉన్న రోరీ మెకిల్‌రాయ్ ఆ రోజు ప్రతి గ్రీన్‌నూ లెక్క ప్రకారం (పార్‌కు కనీసం రెండు దెబ్బలు మిగిలుండగానే) చేరి, ప్రతిచోటా రెండేసి పుట్లు వేసి మూడో స్థానంలో మిగిలాడు. తప్పు చేయలేదు, గెలవలేదు. మంచి ముగింపు చేసే పని ఇదే.

బోగీ ఆటగాడికి (హోల్‌కు ఒక బోగీ చొప్పున ఆడేవాడికి) ఇంతకంటే దయగల చోటు లేదు. 17ను మూడు షాట్లలో చేరి 5 చేస్తే గర్వంగా చెప్పుకోవచ్చు. స్విల్కన్ వాగు తప్ప 18లో నేల మీదుగా ఆడటానికి అడ్డేమీ లేదు. స్మిత్ చేసినట్టు పుటర్‌తో దొర్లించడం మనకూ చేతనవుతుంది. సాగ్రాస్‌లో జెండాకు 4 అడుగుల్లో ఆపిన అతని షాట్ మాత్రం మనవల్ల కాదు.

## పెబుల్ బీచ్: సముద్రం తీసుకునే వాటా

16 సాధారణం. 17 పార్-3, నడుము సన్నగా ఉన్న డమరుకంలాంటి గ్రీన్. 1972లో నిక్లాస్ 1-ఐరన్ షాట్ జెండా కర్రకు తగిలి పక్కనే ఆగింది ఇక్కడే. 1982లో వాట్సన్ గడ్డిలోంచి చిప్ చేసి నేరుగా హోల్‌లో వేసిందీ ఇక్కడే. 2019లో గ్యారీ వుడ్‌లాండ్ గ్రీన్ ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెడ్జ్‌తో ఎగరేసి పార్ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత 18లో పొడవైన పుట్‌తో బర్డీ చేసి గెలిచాడు.

18 పొడవు 543 గజాలు. ఎడమవైపు చివరిదాకా పసిఫిక్. మొదట పార్-4గా ఉన్నదాన్ని 1920ల్లో పొడిగించి పార్-5 చేశారు. సముద్రం మూలను ఎంత కోస్తామన్నది టీ దగ్గరే తేల్చుకోవాలి. 1984లో హేల్ ఇర్విన్ సముద్రంలోకి కొట్టిన బంతి బండలకు తగిలి తిరిగి ఫెయిర్‌వే మీదికి వచ్చింది. అతను బర్డీ చేసి సమం చేసి, ప్లేఆఫ్‌లో గెలిచాడు. అలాంటి అదృష్టం మీద ఆధారపడి ఎవరూ విమానం టికెట్టు కొనకూడదు.

నా ఫిర్యాదు చిన్నది. ఆధిక్యంలో ఉన్నవాడు 18ను మూడు జాగ్రత్త షాట్లుగా ఆడి పార్‌తో బయటపడగలడు. మనకు మాత్రం అదే వరం. కుడివైపు చోటుంది, తొందర లేదు, అల పక్కనే విరుగుతుంటుంది. ఫీజు 600 డాలర్లు దాటింది, రిసార్టులో బస చేసేవారికే ముందస్తు బుకింగులో మొదటి అవకాశం.

## ఒక్క చూపులో

| కోర్సు | 16, 17, 18 పార్ | లాభానికి దారి | నష్టానికి దారి | బోగీ ఆటగాడికి |
|---|---|---|---|---|
| సాగ్రాస్ | 5, 3, 4 | 16లో ఎక్కువ, 17లో ఉంది | మూడింటిలోనూ నీరు | బంతులు ఎక్కువ తీసుకెళ్లాలి |
| కార్నౌస్టీ | 3, 4, 4 | చాలా తక్కువ | 17, 18లలో వాగు, హద్దు | ఓపిక కావాలి |
| సెయింట్ ఆండ్రూస్ | 4, 4, 4 | 18లో బాగా ఎక్కువ | 17లో బాగా ఎక్కువ | నేల మీదుగా దారి ఉంది |
| పెబుల్ బీచ్ | 4, 3, 5 | 18లో కొంత | 17 గ్రీన్, 18 సముద్రం | కుడివైపు క్షేమం |

ఆగస్టాలో 15, 16లు ఈ కొలబద్దకే కొలిచి చేసినట్టుంటాయి. 1986లో 46 ఏళ్ల నిక్లాస్ 15లో ఈగిల్, 16, 17లలో బర్డీలు చేశాడు. 2011లో చార్ల్ ష్వార్ట్‌జెల్ చివరి నాలుగూ బర్డీలే. కానీ సభ్యుడి అతిథిగా పిలుపు వస్తే తప్ప ఆడలేం. టోర్నీ చూసే టికెట్ల లాటరీలో పేరు వేయడమే దారి. ఇక పీజీఏ నేషనల్‌లోని బేర్ ట్రాప్, క్వెయిల్ హాలోలోని గ్రీన్ మైల్ వంటి పేరు మోసిన వరుసలున్నాయి. వాటిలో శిక్ష పాలు ఎక్కువ, ఆశ పాలు తక్కువ. పేరు పెట్టినవాడి గొప్ప అది.

## ఎవరికి ఏది

గ్యాలరీలో కూర్చుని చూడటమే ఇష్టమైతే సాగ్రాస్. ఒకే చోట ఉండి 17 మొత్తం చూడవచ్చు. ఫ్లోరిడాలోనో జార్జియాలోనో బంధువులున్నవారికి కారులో వెళ్లే దూరమే. మార్చిలో టోర్నీ, వేరే నెలల్లో ఆట అని విడదీసుకోండి.

హ్యాండిక్యాప్ పదిలోపు ఉండి, అహంకారం కాస్త ఎక్కువగా ఉంటే కార్నౌస్టీ. పది దాటితే అదే స్కాట్లాండ్ ప్రయాణంలో రెండో కోర్సుగా పెట్టుకోండి. సెయింట్ ఆండ్రూస్ నుంచి డండీ మీదుగా దారి పెద్ద దూరం కాదు.

పెళ్లిరోజు ప్రయాణంలో గోల్ఫ్‌ను కలుపుతున్నవారు పెబుల్ బీచ్‌కు వెళ్లండి. బే ఏరియాలో పిల్లలున్న తల్లిదండ్రులకూ ఇదే తేలిక. 18 గ్రీన్ పక్కన కూర్చుని చూడటానికి ఆట రానవసరం లేదు.

మిగిలిన అందరికీ నా సలహా సెయింట్ ఆండ్రూస్. అది ఊరి ఉమ్మడి భూమి మీద ఉన్న కోర్సు, ప్రైవేటు క్లబ్బుది కాదు. హ్యాండిక్యాప్ ధ్రువపత్రం వెంట ఉంచుకుని, రెండు రోజుల ముందు జరిగే లాటరీలో రోజూ పేరు వేస్తూ, ఊళ్లో నాలుగైదు రోజులు ఉండేలా ప్రణాళిక వేసుకోండి. ఒక్క రోజు కోసం వెళ్లి పేరు రాక వెనుదిరిగినవారు ఉన్నారు. ఆ రోజుల్లో ఒకటి ఆదివారం అయ్యేలా చూసుకోండి. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, ఊరివారికి పార్కు అవుతుంది. కుక్కలూ పిల్లలూ ఫెయిర్‌వేల మీద తిరుగుతారు. సాయంత్రం ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి 17లో ఆ బంకర్ లోతు చూపించండి. తర్వాత స్విల్కన్ వంతెన దాటి వ్యాలీ ఆఫ్ సిన్‌లోకి దిగి నిలబడండి. టీవీలో అది పల్లంలా కనిపించదు. అక్కడ నిలబడితే గ్రీన్ మీది జెండా మీ భుజం ఎత్తు నుంచి మొదలవుతుంది. సోమవారం లాటరీలో పేరొస్తే ఆ ఎత్తు గుర్తుంచుకుని పుట్‌ను కాస్త గట్టిగా కొట్టండి.